పురుగులకు పడని వాసన

సుబ్బక్కకు కళ్ళు మసకబారి చాలా కాలమైంది గానీ ముక్కు మాత్రం వేటకుక్క ముక్కే. కెలమంగలానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో పట్టుపురుగులు పెంచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అయితే ఏ ఇంట్లోనూ లేని కట్టుబాటు ఒకటి సుబ్బక్క ఇంట్లో ఉంది. పురుగుల షెడ్డు వాకిలి పక్కన ఆమె పీట వేసుకుని కూర్చుంటుంది. లోపలికి పోయేది ఎవరైనా సరే, ముందు ఆమె ఎదుట వంగాలి. ఆమె మెడ దగ్గరా చేతుల దగ్గరా చీర కుచ్చిళ్ళ దగ్గరా ముక్కు పెట్టి పీలుస్తుంది. తలనూనె వాసన తగిలితే వెనక్కి. పూలు పెట్టుకుంటే వెనక్కి. తిరగమోత వేసిన చీరతోనే వచ్చేస్తే రెండు తిట్లతో సహా వెనక్కి. ఇక ముట్టు మనిషైతే షెడ్డు నీడ కూడా తొక్కకూడదు. గొర్రెల కొట్టం పక్కన ఒకవైపుకు వాల్చి దించిన రేకుల చాపు కింద మూడు రోజులూ పడి ఉండాల్సిందే.

"పురుగంటే దేవతమ్మా. దానికి వాసన పడదు" అంటుంది సుబ్బక్క.

పురుగులకు ఘాటు వాసనలు పడవన్నది నిజమే. కాదని ఎవరన్నారు? ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని ఇంటిల్లిపాదినీ ముక్కుతో ఏలడమే సుబ్బక్క గొప్పతనం. ఊళ్ళో వాళ్ళు నవ్వుకునేవారు గానీ పంట బాగా వస్తుంటే ఎవరు మాత్రం ఏమంటారు?

పంట బాగా వచ్చేది సుబ్బక్క ముక్కు వల్ల కాదు, పెద్దకోడలు రేణు చేతుల వల్ల. ఆ మాట సుబ్బక్కకూ తెలుసు. తెలిసినా చెప్పదు. కోడలిని మెచ్చుకుంటే అత్తరికం అరిగిపోతుందని ఆమెకు భయం.

రేణు పుట్టిల్లు సామల్పట్టి. తండ్రి వెంకటేశప్ప గొర్రెలు కాసేవాడు, గొర్రెలు అమ్ముకున్నాక స్టేషన్ దగ్గర కూలికి పోయేవాడు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ పిల్లకు పురుగులంటే ఒళ్ళు జలదరించేది. తెల్లగా, చల్లగా, వేలుమీద పాకుతుంటే కళ్ళు మూసుకునేది. ఏడాది తిరిగేసరికి ఆ పురుగులే ఆమెకు పిల్లలైపోయాయి. పొర విడిచే ముందు పురుగులు మేత మాని కదలకుండా పడి ఉండడాన్ని అక్కడ జ్వరం అంటారు. ఏ అరలో పురుగులు జ్వరంలో ఉన్నాయో, ఏ అరలోవి లేచాయో రేణు వాకిట్లో నిలబడే చెప్పేసేది. నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆకు తింటుంటే చింతచెట్టు మీద చినుకులు పడ్డట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు పలచబడితే చాలు, నిద్రలో ఉన్నా లేచి కూర్చునేది. ఆకు విషయంలో ఆమెకు ఒక అలవాటు ఉండేది. మల్బరీ కొమ్మల మోపు చేతికి రాగానే ఒకసారి ముఖానికి ఆనించుకుని వాసన చూసేది. మాగిన ఆకు, దుమ్ము పట్టిన ఆకు, మంచు తడితో కోసిన ఆకు, అన్నీ ఆమెకు ముక్కుకే తెలిసిపోయేవి. నచ్చకపోతే మామ తెచ్చిన మోపైనా సరే గొర్రెలకు వేసేసేది.

ఇంట్లో రేణు మాటకు విలువ లేదు. మొగుడు మోహన్‌కుమార్ హోసూరులో కంపెనీ పనికి పోయి వచ్చి, తిని, పడుకునేవాడు. మామ పెద్దప్ప మంచివాడని ఊరంతా అనేది. నోరు విప్పని మగవాణ్ణి మంచివాడనడం మనవాళ్ళకు అలవాటు కదా. ఆ ఇంట్లో రేణు మాట చెల్లేది షెడ్డు లోపల మాత్రమే. అక్కడ అడుగుపెడితే పెద్దప్ప కూడా "ఆకు చాల్తాదా అమ్మా, ఇంకా తేవాల్నా?" అని అడిగేవాడు. మనిషికి ఎక్కడో ఒకచోట తన మాట చెల్లాలి. రేణుకు ఆ చోటు పురుగుల షెడ్డు.

ఆ చోటికి నెలనెలా మూడు రోజులు గండి పడేది. ఒకసారి సరిగ్గా పురుగులు పెద్ద మేత మేసే రోజుల్లో రేణు బయట చేరింది. చాపు కింద కూర్చుని, "అత్తా, రోగం పురుగులు ఏరి పారెయ్యి అత్తా" అని అరిచి అరిచి గొంతు పోయింది. సుబ్బక్కకు కళ్ళు కనపడితే కదా ఏరడానికి. పంట సగానికి సగం పోయింది. ఆ రోజు నుంచి సుబ్బక్క కోడలి ముట్టు మీద పగబట్టింది.

ముందు మెడికల్ షాపులో ముట్టు వెనక్కి జరిపే మాత్రలు తెచ్చింది. తర్వాత ఎవరో చెప్పారని కోడలిని వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పోయి, నర్సమ్మను మూడు నెలల సూది అడిగింది. రేణుకు కూడా ఆ సూది కావలసే ఉంది. కూతురు రశ్మి పుట్టినప్పుడు కడుపు కోసి తీశారు, మళ్ళీ కాన్పుకు బాగా ఎడం ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ జాగ్రత్త తనదనుకునే మొగుడు కాదు మోహన్‌కుమార్. కాబట్టి అత్తా కోడళ్ళిద్దరూ జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు.

నర్సమ్మ ఓపికగా చెప్పింది. "ఇది బిడ్డకూ బిడ్డకూ ఎడం కోసం వేసే సూది. మొదట్లో ముట్టు ఎప్పుడంటే అప్పుడు కనపడొచ్చు. తర్వాత కొందరికి నిలిచిపోతాది, దానికి భయపడొద్దు. కొందరికి లోపల తడి తగ్గి మంటగా ఉంటాది. అట్లేమన్నా ఉంటే దాచకుండా వచ్చి చెప్పమ్మా. పూసుకునే మందు ఉండాది. ఈ సూది పడకుంటే వేరే దారి ఉండాది."

"నిలిచిపోతాదంటనే!" అంది సుబ్బక్క, కోడలి వైపు తిరిగి. అంత మాటల్లో ఆమె చెవికెక్కింది అదొక్కటే.

మొదట్లో నర్సమ్మ చెప్పినట్టే చుక్కలు చుక్కలుగా కనపడేది. రేణు ఎవరికీ చెప్పలేదు. లోపల గుడ్డ మడిచి పెట్టుకుని అత్త ఎదుట వంగింది. సుబ్బక్క మెడ దగ్గర పీల్చింది, కుచ్చిళ్ళ దగ్గర పీల్చింది, "ఊఁ, పో" అంది. ఆ పంటలో పట్టుగూళ్ళు గట్టిగా, బరువుగా వచ్చాయి. ఆ ముక్కు గొప్ప అంతంతమాత్రమేనని ఆనాడే రేణుకు అర్థం కావాల్సింది. కాలేదు. చిన్నప్పటి నుంచీ భయపెట్టి పెంచిన మనిషికి కళ్ళెదుట ఉన్నది కూడా కనపడదు.

తర్వాత ముట్టు పూర్తిగా నిలిచిపోయింది. ఇక సుబ్బక్క సంబరం చూడాలి! కెలమంగలం సంతలో నిలబడి, "మా కోడలికి ముట్టే లేదు, పన్నెండు నెలలూ షెడ్డులోనే ఉంటాది" అని చాటింది.

"అదేందక్కా, ఒట్టిపోయిన ఆవు మాదిరి!" అంది పక్కింటి తిమ్మక్క.

"పాలియ్యకుంటే ఏమి, పేడన్నా వేస్తాది కదా" అంది సుబ్బక్క. సంతంతా నవ్వింది. బుట్ట పట్టుకుని పక్కనే నిలబడ్డ రేణు కూడా నవ్వింది. ఆ రోజుల్లో ఆమె నిజంగానే సంతోషంగా ఉంది. చాపు కింద దోమల్లో పడుకోవక్కర్లేదు, కడుపొస్తుందన్న భయం లేదు, షెడ్డు పూర్తిగా తనది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. లోపల ఎండిపోయినట్టు మంట మొదలైంది. మొగుడు దగ్గరకు వస్తే పళ్ళు బిగబట్టుకునేది. అతనికి ఆ పళ్ళు కనపడలేదు, తన ఇబ్బందే కనపడింది.

"ఏమే, ఇసక మాదిరి అయిపోయినావు. నువ్వు ఆడదానివేనా?" అన్నాడు ఒకరోజు, గోడ వైపు తిరుగుతూ.

తప్పు తన ఒంటిదేనేమో అనుకుంది రేణు. దురద పుడితే స్నానం సబ్బుతో లోపలిదాకా రుద్ది కడిగింది. కడిగినప్పుడు హాయిగా ఉండేది, గంటకే మంట రెట్టింపయ్యేది. మళ్ళీ కడిగేది. కొన్నాళ్ళకు తెల్లబట్ట, దాంతోపాటు చేప కడిగిన నీళ్ళలాంటి వాసన పట్టుకున్నాయి. వాసన! ఆ ఇంట్లో, ఆ ముక్కు ఎదుట, వాసన!

నర్సమ్మ దగ్గరకు పోతే సరిపోయేది. బస్సెక్కితే ఎంతసేపు? కానీ పోతే సూది ఆపేస్తుందేమో, ఆపితే ముట్టు వస్తుంది, వస్తే మళ్ళీ చాపు కిందకు. అసలు ఇలా వాసన వస్తోందని బయటికి తెలిస్తే ముట్టు లేకపోయినా షెడ్డు గడప తొక్కనివ్వరు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని రేణు మింగలేక కక్కలేక ఊరుకుంది. గాయాలు కడిగే మందు నీళ్ళలో కలిపి కడుక్కుంది. అదీ చాలలేదు.

షెడ్డు వాకిట్లో ఒక నీలం తొట్టి ఉండేది. అందులో బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళు. లోపలికి పోయేవాళ్ళు చేతులూ కాళ్ళూ అందులో ముంచి పోవాలి. పురుగులకు రోగాలు రాకుండా అరలు, తట్టలు, నేల, గోడలు అన్నీ ఆ నీళ్ళతోనే కడుగుతారు. పురుగుల రోగాన్ని చంపేది తన రోగాన్నీ చంపుతుందని రేణు అనుకుంది. పుస్తకాలు చదివి చేసిన తప్పు కాదది, ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి నేర్చుకున్న తెలివితోనే చేసిన తప్పు. మొదటిసారి చెంబులో కొంచెమే తీసుకుని నీళ్ళు ఎక్కువ కలిపింది. అరుపు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుంది. స్నానాల గదిలోంచి బయటికి వచ్చాక ఒంటికి బ్లీచింగ్ వాసన తప్ప ఇంకేదీ లేదు. ఆ షెడ్డులో అందరి ఒళ్ళూ ఆ వాసనే కదా. ఆ పూట సుబ్బక్క ముక్కు దాటడం ఆమెకు సులువైంది.

ఆ పంటలో ఆకు చాలలేదు. బోరులో నీళ్ళు తగ్గి తమ మల్బరీ తోట పీలగా వచ్చింది. పురుగులేమో నాలుగో జ్వరం లేచి ఆవురావురుమంటున్నాయి. పెద్దప్ప పక్క పొలం చెన్నకేశవ తోటకు పోయి ఒక మోపు కోసుకొచ్చి వాకిట్లో పడేసి, మరో మోపు కోసం వెళ్ళిపోయాడు. రేణు ఆ మోపును రెండు చేతులతో ఎత్తుకుని అత్త ఎదుట వంగింది.

సుబ్బక్క పీల్చి, తల వెనక్కి తీసుకుంది. మళ్ళీ పీల్చింది. "ఏందో ఘాటు వాసన వస్తా ఉండాది కదే!"

ఇన్నాళ్ళూ భయపడింది ఇదిగో వచ్చి ఎదుట కూర్చుంది.

"నీ మీదనే వస్తా ఉండాది. పోయి కడుక్కోని రాపో, నలుగురి ముందర నన్ను నోరు చేసుకోనీకు" అంది సుబ్బక్క.

రేణు మోపు దించి, తొట్టిలోంచి చెంబు నింపుకుంది. ఈసారి నీళ్ళు కలపలేదు. ఎంతసేపటికో గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. సుబ్బక్క వాసన చూసి, "ఊఁ, ఇప్పుడు బాగుండాది" అంది. రేణు మోపు ఎత్తుకుని లోపలికి పోయింది. అలవాటు కొద్దీ కొమ్మలు ముఖానికి ఆనించుకుంది. ఆ ఘాటు ఇంకా ఉంది. అంత కడిగినా తన ఒంటి వాసన పోలేదనుకుని ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అరలన్నిటిలో కొమ్మలు పరిచింది.

మధ్యాహ్నానికల్లా చినుకుల చప్పుడు ఆగిపోయింది. పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఆడిస్తూ, నోటివెంట ఆకుపచ్చ నీళ్ళు కక్కుతూ మెలికలు తిరిగాయి. పొద్దు గూకేసరికి ఒక్క అరలో కూడా కదలిక లేదు.

సుబ్బక్క కోడలి జుట్టు పట్టుకుని వాకిట్లోకి లాగింది. చుట్టుపక్కల వాళ్ళు చేరారు. ఊళ్ళో పెళ్ళికి పిలిచినా ఇంత తొందరగా రారు.

"చెప్పే! ఎంత కాలంగా ఉండాది నీకు ఈ కంపు?"

రేణు దాచలేకపోయింది. మంట గురించి చెప్పింది, తెల్లబట్ట గురించి చెప్పింది, వాసన గురించి చెప్పింది. తన పిల్లల్లాంటి పురుగులను తానే చంపుకున్నానని ఆమెకు రవ్వంత అనుమానం కూడా లేదు. నేరం ఒప్పుకుంటే కొంచెమైనా జాలి చూపిస్తారని లోలోపల ఆశ ఉన్నట్టుంది. వాకిట్లో నిలబడ్డవాళ్ళు అలాంటివాళ్ళు కారు.

"నాకు ఎప్పుడో తెలుసు. దగ్గరకు పోతే కడుపులో తిప్పుతాది" అన్నాడు మోహన్‌కుమార్, అందరూ వినేలా. మొగుడూ పెళ్ళాల మధ్య ఉండాల్సిన మాట అది. పగలు నలుగురి మధ్య పారేశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

పెద్దప్ప గొర్రెల కొట్టం దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. పాపం, పురుగుల కోసం బాధపడుతున్నాడని అందరూ అనుకున్నారు.

చచ్చిన పురుగులను తట్టలకెత్తి గుంటలో పోసి సున్నం చల్లే పని రేణు చేతే చేయించారు. ఆమె నడవలేక వంగి వంగి నడుస్తుంటే సుబ్బక్క, "నాటకాలాడొద్దు" అంది. చివరి తట్ట దగ్గర రేణు పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, చీరంతా చీమూ నెత్తురూ. అప్పుడు కూడా ముట్టు తిరిగొచ్చిందేమోనని అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "ఆడమనిషి చచ్చిపోతాదక్కా, కేసవుతాది" అని తిమ్మక్క అన్నాక గానీ హోసూరు ఆసుపత్రికి తీసుకుపోలేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. "ఎవరు చేసినారమ్మా ఇది?" అంది.

"నేనే" అంది రేణు.

కథంతా విన్నాక డాక్టరమ్మకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. "పాలల్లో తోడు వేస్తాం కదా, ఆ మాదిరి మన లోపల మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. వాసన రాకుండా, రోగం రాకుండా అవే కాపాడతాయి. నువ్వు సబ్బు పెట్టి వాటిని చంపినావు, ఆ తర్వాతే వాసన వచ్చింది. తర్వాత బ్లీచింగ్ పోసినావు. పాలల్లో బ్లీచింగ్ పోస్తే పెరుగు తోడుకుంటాదా? సూదితో నీకు వచ్చింది ఒట్టి పొడిదనం. కొందరికి వస్తాది. ఆ రోజే వచ్చింటే పూసుకునే మందుతో సర్దుకునేది. ఇప్పుడు లోపలంతా కాలిపోయింది. మానుతాది గానీ మునుపటి మాదిరి కాదు."

ఇంత విని సుబ్బక్క అడిగిన ప్రశ్న ఒక్కటే. "అయితే అమ్మా, సూది ఆపితే ముట్టు మళ్ళీ వస్తాదా?"

రేణు ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆమె సామాను చాపు కింద ఉంది. మూడు రోజులకు కాదు, ఇక అక్కడే. కొన్నాళ్ళకు ఇంటికి కొత్త కోడలు వచ్చింది, మరిది యతీశ్ భార్య శశికళ. జూజువాడిలో లారీల మధ్య టీ అంగడి నడిపే మనిషి కూతురు. పురుగును చూడగానే కెవ్వుమన్న పిల్లను సుబ్బక్క షెడ్డులోకి తోసింది. నెల తిరక్కముందే సూదికి తీసుకుపోయింది. అప్పుడే పిల్లలు వద్దనుకున్న శశికళ కూడా సరేనంది. చాపు కింద నుంచి రేణు చూస్తూ ఉండేది. ఆకు మందంగా పరిచేస్తోంది, రోగం పురుగు చెయ్యి దాటిపోతోంది, జ్వరంలో ఉన్నవాటిని కదిలిస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె చేతులు ఒళ్ళోనే కదిలేవి. ఆ షెడ్డులోకి ఒక్కసారి పోనిస్తే చాలు, ఇంకేమీ అడగననుకునేది.

ఒకరోజు పొద్దున చెన్నకేశవ ప్లాస్టిక్ కప్పు కింద రోజాపూలు పెంచే షెడ్డు వైపు నుంచి పురుగుమందు కొట్టే మిషను చప్పుడు వినపడింది. కాసేపటికి గాలి ఇటు మళ్ళింది. రేణు దిగ్గున లేచి నిలబడింది. అదే ఘాటు. ఆ రోజు మోపు ముఖానికి ఆనించుకున్నప్పుడు వచ్చిన వాసన ఇదే. ఆ రోజాల షెడ్డుకు ఆనుకునే చెన్నకేశవ మల్బరీ తోట ఉంది.

పెద్దప్ప గొర్రెలను విడుస్తున్నాడు.

"మామా, ఆ పొద్దు ఆకు రోజాల షెడ్డు పక్క సాళ్ళలో కోసినావా?"

పెద్దప్ప మొలతాడు సర్దుకున్నాడు. "దగ్గరుండాదని కోసినాను. ముందురోజు వాళ్ళు మందు కొట్టింది చూసినాను. ఇంతలోకి ఏమయితాదిలే అనుకుంటిని."

"మరి నన్ను అందరూ అంటా ఉంటే..."

"చెప్తే మీ అత్త నన్ను బతకనిస్తాదా అమ్మా? నువ్వంటావా, నీకప్పుడే అంతా పోయింది. కొత్తగా పోయేది ఏముండాది?" అన్నాడు ఆ మంచివాడు, ఎంతో మెత్తగా. గొర్రెలను తోలుకుని వెళ్ళిపోయాడు.

రేణు ఆవేశంగా పోయి అత్త ఎదుట నిలబడి అంతా చెప్పింది. సుబ్బక్క కాసేపు గాలి పీల్చింది. ఆ ముక్కుకు కూడా తెలిసింది, ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ సుబ్బక్కలాంటి వాళ్ళు తప్పు ఒప్పుకునే పుట్టుక పుట్టలేదు.

"ఆకు మీద వాసన ఉంటే నువ్వు చెప్పాల్సింది కదే? ఆకు చూసేది ఎవురి పని? నీ చేతుల్లో పట్టుకోని, ముఖానికి పెట్టుకోని, నువ్వే కదా వేసింది?"

అది నిజం. ఆకు చెడ్డదని ముక్కు చెప్పింది. ఆ ముక్కు మాట కాదని తన ఒంటినే అనుమానించింది. మామ తెచ్చిన మోపును గొర్రెలకు విసిరేసే రేణు ఆ రోజు ఎక్కడికి పోయింది?

"సరేలే. ఈ చిన్నది పనికిరాకుంటే అప్పుడు చూస్తాం, నిన్ను మళ్ళా రానిచ్చేది" అంది సుబ్బక్క, పీట మీద సర్దుకుంటూ.

ఆ మాట రేణు మనసులో నాటుకుంది. ఇంతకంటే పెద్ద విషం ఏ రోజా తోటలోనూ కొట్టరు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం శశికళ చాపు కిందకు వచ్చింది. కళ్ళు ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"అక్కా, అత్త నన్ను రెండు తూర్లు వెనక్కి పంపిచ్చింది. ఏందో వాసనంట. సూది ఏసినప్పటి నుంచి నాకు కూడా మంటగానే ఉండాది. నిజంగా వాసన వస్తా ఉందా అక్కా? నువ్వన్నా చూసి చెప్పు."

అని, సుబ్బక్క ఎదుట వంగినట్టే రేణు ఎదుట వంగింది. రేణు ముక్కు దగ్గర పెట్టింది. చెమట, మల్బరీ పాలు, అంతే. పిల్ల ఒళ్ళు శుభ్రంగా ఉంది. రేణు తలెత్తి చూసింది. షెడ్డు తలుపు తెరిచి ఉంది, లోపల పురుగులు మేస్తున్న చప్పుడు వినపడుతోంది. ఈ చిన్నది పనికిరాకుంటే.

"వస్తా ఉండాది" అంది రేణు.

శశికళ లేచి నిలబడింది. గిరుక్కున తిరిగి పోయింది. తొట్టి దగ్గర వంగి చెంబు ముంచింది. ఆ చెంబును చూడగానే రేణు చాపు కింద నుంచి లేచింది. పడుతూ లేస్తూ పరిగెత్తి శశికళ చెయ్యి పట్టుకుంది.

"వద్దు! లేదమ్మా, అబద్ధం చెప్పినాను. నీ మీద ఏ వాసనా లేదు. నా బిడ్డ తోడు, లేదు!"

"నేను బాధపడతానని అంటా ఉండావు అక్కా" అంది శశికళ. "అత్తకూ వాసన వచ్చింది, నీకూ వచ్చింది. ఇద్దరికీ ఒకే తూరి అబద్ధం వస్తాదా?"

"షెడ్డు మీద ఆశతో చెప్పినాను శశీ. నన్ను చూడు, ఆ నీళ్ళతోనే నా బతుకు ఇట్లయింది. నర్సమ్మ దగ్గరకు పోదాం రా, ఇప్పుడే పోదాం. నేను వస్తాను."

శశికళ ఆమెను జాలిగా చూసింది. చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"నువ్వు ఎక్కువ పోసుకున్నావేమో అక్కా. నేను కొంచెమే పోసుకుంటాను" అంది.

స్నానాల గది తలుపు గడియ పడింది. రేణు రెండు చేతులతోనూ తలుపు బాదింది. రేకు తలుపు దడదడమంది. లోపల నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు, ఆ వెంటనే గుడ్డ నోట్లో కుక్కుకుని అరిచిన అరుపు.

"ఏమే ఆ గోల?" అని షెడ్డు వాకిట్లోంచి కేకేసింది సుబ్బక్క. "పురుగులు మేస్తా ఉండాయి. వాటికి చప్పుడు పడదు."